అర్ధశక్తి: కల్యాణి మల్లుల నుండి పటాన్‌చెరు కుర్రవాళ్ళ దాకా

మొన్న ఆదివారం నా పాత శిష్యుడొకడు సంగారెడ్డిలో మా ఇంటికి వచ్చాడు. పటాన్‌చెరు పారిశ్రామికవాడలో షిఫ్టు ఉద్యోగం వాడిది. కుడిచేతికి కట్టు, ఆ కట్టు మెడకు వేలాడుతున్నది. ఏమైందిరా అని అడిగితే, "జియుజిట్సు నేర్చుకుంటున్న సార్. నైట్ డ్యూటీ దిగి సీదా క్లాసుకు పోయిన. పట్టు ఇడిపించుకోబోతే భుజం పట్టేసింది" అన్నాడు. వారానికి ఆరు రోజులు సాధన, నడుమ బరువులెత్తడం. నిద్ర మాత్రం దొరికినప్పుడేనట. "ఎక్కువ జేస్తెనే గద సార్ వచ్చేది?" అని వాడి వాదన.

వ్యాకరణంతో తప్ప మరి దేనితోనూ కుస్తీ పట్టినవాణ్ణి కాను. అయినా ప్రశ్న నన్ను వదలలేదు. వాడు వెళ్ళిన తరువాత పుస్తకాల బీరువా తెరిచాను. ఆ వెదుకులాట ఫలితమే ఈ టపా.

ముందుగా విద్య సంగతి. జుజుత్సు జపానీయుల పాత పోరాటవిద్య. జిగొరో కానో 1882లో టోక్యోలో కోడోకన్ శాలను స్థాపించి, దానిని సంస్కరించి జూడోగా తీర్చాడు. ఆ శాలలో నేర్చిన మిత్సుయో మాయెదా 1914లో బ్రెజిల్ చేరాడు. అక్కడ గ్రేసీ కుటుంబమువారు నేలమీది పట్లకు ప్రాధాన్యమిచ్చి ఆ విద్యను తమ తీరున మలచుకొన్నారు. ఇందులో ప్రత్యర్థిని పడవేయడంతో ఆట ముగియదు. కీలు మెలిపెట్టియో, మెడ బిగించియో లొంగదీయాలి. లొంగినవాడు చేత్తో తడితే పట్టు వదలాలి. అలసినవాడికి తట్టవలసిన క్షణం తెలియదు. ప్రమాదమంతా అక్కడే ఉన్నది.

ఇక మన ఊరి సంగతి. కల్యాణి చాళుక్యుల శాసనాలలో కనిపించే పొట్టలకెరె నేటి పటాన్‌చెరేనని చరిత్రకారులు గుర్తించారు. పదకొండవ శతాబ్దిలో రెండవ జయసింహుడు ఇక్కడి నుండి పాలించాడు. ఆయన బిరుదు జగదేకమల్లుడు. కొడుకు మొదటి సోమేశ్వరుడు రాజధానిని పడమటనున్న కల్యాణికి, అనగా నేటి బసవకల్యాణానికి మార్చాడు; ఆయన ఆహవమల్లుడు. మనుమడు ఆరవ విక్రమాదిత్యుడు త్రిభువనమల్లుడు. మునిమనుమడు మూడవ సోమేశ్వరుడు భూలోకమల్లుడు. తరతరానా బిరుదులో 'మల్ల' శబ్దం విడువని వంశమిది!

ఈ భూలోకమల్లుడే 1129 ప్రాంతంలో 'మానసోల్లాసము' అనే సంస్కృత గ్రంథాన్ని సంతరించాడు. దీనికే 'అభిలషితార్థ చింతామణి' అని మరో పేరు. నూరు అధ్యాయాల ఆ గ్రంథంలో మల్లవినోదం కూడా ఒక విషయం. మల్లులను వయసును బట్టీ, దేహాన్ని బట్టీ తరగతులుగా విభజించాడు. బరువులతో చేసే భారశ్రమ, నడకతో చేసే భ్రమణశ్రమ, నీటిలో చేసే సలిలశ్రమ, స్తంభాన్ని పట్టుకొని చేసే స్తంభశ్రమ మొదలైనవి చెప్పాడు. పట్లు వేరు, పట్లకు దేహాన్ని సిద్ధపరచడం వేరు అన్న వివేకం అప్పటికే ఉన్నదన్నమాట. అంతకంటె ముఖ్యమైనది మరొకటి: పప్పులు, మాంసం, పాలు మొదలైన మల్లుల పోషణ రాజు బాధ్యత.

శ్రమకు హద్దు ఎంత? దీనికి జవాబు అంతకు పూర్వమే వాగ్భటుడు 'అష్టాంగహృదయము'లో చెప్పాడు. బలవంతుడై, నెయ్యీ నూనె గల భోజనం చేసేవాడు కూడా చలికాలంలో, వసంతంలో తన శక్తిలో సగం మేరకే వ్యాయామం చేయాలి. తక్కిన కాలాల్లో ఇంకా తక్కువ. ఆ సగం ఎట్లా తెలుస్తుంది? శ్వాస నోటికి వచ్చినప్పుడు అని సుశ్రుత సంహిత గుర్తు చెప్పింది. మితిమీరిన వ్యాయామాన్నీ, జాగరణనూ వాగ్భటుడు ఒకే వరుసలో కూర్చి, అట్టివాడు ఏనుగును ఈడ్చబోయిన సింహంలా నశిస్తాడన్నాడు. రాత్రి డ్యూటీ దిగి సాధనకు వెళ్ళిన నా శిష్యుడిలో ఆ రెండూ కలిశాయి!

మా చిన్ననాటి తాలింఖానాల్లోనూ ఈ క్రమమే ఉండేది. దండాలు, బస్కీలు, గోదాలో పట్లు అయ్యాక మాలీషు, ఆపైన పడక. ఆ పడకను సోమరితనమని ఎవరూ అనలేదు. సాధనలో అదీ ఒక భాగమే. కండ శ్రమలో అరుగుతుంది, నిద్రలో పెరుగుతుంది. కీళ్ళను పట్టి ఉంచే స్నాయువులు కండకంటె నెమ్మదిగా గట్టిపడతాయి. కీళ్ళతోనే ఆడే విద్యకు ఈ ఓర్పు మరీ అవసరం.

నాకు తోచిన మాట ఒక్కటే. కల్యాణి మల్లుడికి కుస్తీయే కొలువు, పోషించడానికి రాజున్నాడు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు గారికి (మరణం 1942) బలప్రదర్శనే జీవితం. సరదాకు నేర్చుకొనే మన కుర్రవాడు మాత్రం తనకు తానే మల్లుడు, తనకు తానే రాజు. పైగా వాడి బలంలో పెద్ద పాలు గోదాకు చేరకముందే కర్మాగారానికి వెళ్ళిపోతుంది. కనుక వాడు సగం లెక్క కట్టవలసింది పుట్టుబలంలో కాదు, డ్యూటీ దిగాక మిగిలిన బలంలో.

కట్టు విప్పి డాక్టరు సరేనన్నాక వారానికి రెండు మూడు రోజుల పట్లు, ఒకటి రెండు రోజుల బరువులు, ఒక రోజు పూర్తి విశ్రాంతి చాలునని వాడికి కబురు చేశాను. రాత్రి షిఫ్టు వారంలో పోటీ పట్లు వద్దు, మెళకువలు మాత్రమే చూసుకోమన్నాను. "మరి వెనుకబడిపోత గద సార్?" అని అడిగాడు.

"పదేండ్లు ఆడదలచుకున్నవాడికి పది రోజుల వెనుకబాటు లెక్కగాదురా" అన్నాను. వింటాడో లేదో చూడాలి. చదివేటప్పుడు కూడా వీడికి పరీక్ష ముందురోజు నిద్రమానే అలవాటు!