నోవా: జంట తారల విస్ఫోటనం

నోవా అనేది దగ్గరదగ్గరగా తిరిగే జంట తారలలో సంభవించే పేలుడు. జంటలో ఒకటి శ్వేతకుబ్జం, అంటే ఇంధనం అయిపోయి భూమి అంత పరిమాణానికి కుంచించుకుపోయిన తార. తోడుతార నుంచి హైడ్రోజన్ దానిపైకి చేరి, పొరగా పేరుకుని, ఒక దశలో పేలుతుంది. పాఠ్యపుస్తకాలు ఒక్క వాక్యంలో చెప్పే ఈ సంగతి రుజువు కావడానికి సుమారు వందేళ్ళు పట్టింది. ఆ రుజువు తార వెలిగిన రాత్రులలో కన్నా, అది మసకబారాక ఓపికగా సాగిన పరిశీలనలోనే ఎక్కువగా దొరికింది.

చైనా, కొరియా ఆస్థాన పరిశీలకులు ఇలాంటి తారలను శతాబ్దాలపాటు నమోదు చేశారు. 1866 మే 12న ఐర్లండ్‌లోని ట్యూమ్‌లో జాన్ బర్మింగ్‌హామ్ ఉత్తర కిరీట మండలంలో ఒక కొత్త వెలుగును గుర్తించాడు. అదే టి కరోనే బొరియాలిస్. కొద్ది రోజులకే విలియం హగ్గిన్స్ దాని వర్ణపటంలో హైడ్రోజన్ ఉజ్జ్వల రేఖలను చూశాడు. ఒక నోవాను వర్ణపటదర్శినితో పరీక్షించడం అదే మొదలు. 1901లో పెర్సియస్ నోవా, 1918లో అక్విలా నోవా ఇంకా ప్రకాశవంతంగా వెలిగాయి. రెండోదాన్ని అప్పటి బెంగాల్‌లోని జెస్సోర్‌లో రాధాగోవింద చంద్ర కూడా స్వయంగా కనిపెట్టాడు. కారణం మాత్రం తేలలేదు. తార ఏదో వాయుమేఘంలోకి దూసుకుపోవడమే కారణమన్న జర్మన్ ఖగోళజ్ఞుడు సీలిగర్ ఊహ చాలాకాలం ప్రచారంలో ఉంది.

1934 డిసెంబర్ 13న ఆంగ్లేయ ఔత్సాహికుడు ప్రెంటిస్ కనిపెట్టిన డీక్యూ హెర్క్యులిస్ ఈ చరిత్రలో కీలకం. 1935లో అది ఒక్కసారిగా మసకబారి, కొంత తేరుకుంది. వెలువడిన వాయువులో ధూళి ఏర్పడి కాంతిని అడ్డుకోవడమే ఇందుకు కారణమని తరువాత తెలిసింది. ఇరవై ఏళ్ళకు, అందరి దృష్టీ మళ్ళిపోయాక, మెర్ల్ వాకర్ ఆ మసక తారను కొలిచి, అది 4 గంటల 39 నిమిషాలకోసారి గ్రహణం పడుతున్న జంట అని 1954లో తేల్చాడు. దాని కాంతి 71 సెకన్లకోసారి అదురుతున్నదనీ గమనించాడు. ఒక్క ఉదాహరణతో సాధారణ సూత్రం చెప్పలేమన్న అభ్యంతరం న్యాయమైనదే. దానికి జవాబు రాబర్ట్ క్రాఫ్ట్ పట్టుదలతో చేసిన పనిలో దొరికింది. 1964లో ఆయన పది పాత నోవాలను పరిశీలించి, వాటిలో అధికభాగం జంటలేనని చూపాడు. జంటతనం యాదృచ్ఛికమనే వాదనకు ఆ తరువాత బలం తగ్గింది.

పేలుడు విధానం 1970లలో స్పష్టమైంది. శ్వేతకుబ్జంపై అణిగిన పొరలో ఉష్ణోగ్రత పెరిగినా పీడనం వెంటనే పెరగదు. అందువల్ల పొర వ్యాకోచించి చల్లబడలేక, సంలీన చర్య అదుపు తప్పుతుంది. వేగంగా ముగిసే నోవాలకు ఆ పొరలో కార్బన్, నత్రజని, ఆక్సిజన్ మామూలుకన్నా ఎక్కువ ఉండాలని 1972లో స్టార్‌ఫీల్డ్ బృందం లెక్కగట్టింది. వెలువడిన వాయువుల వర్ణపటాలలో ఆ మూలకాల ఆధిక్యం కనిపించి లెక్కను సమర్థించింది.

పొర మాత్రమే పేలి తార మిగిలితే అది మళ్ళీ పేలాలి కదా, మరి చాలా నోవాలు ఒక్కసారే ఎందుకు కనిపించాయి? విరామం శ్వేతకుబ్జపు ద్రవ్యరాశి మీద, పదార్థం చేరే వేగం మీద ఆధారపడుతుంది. టి కరోనే బొరియాలిస్ 1866 తరువాత 1946లో పేలింది. ఆండ్రోమెడా గెలాక్సీలోని ఒక నోవా దాదాపు ఏటా పేలుతుంది. తక్కినవాటిలో చాలావాటి విరామాలు వేల ఏళ్ళు, అంతకు మించి కూడా ఉంటాయి కనుక మానవ నమోదులకు అందవు. 1437 మార్చిలో కొరియాలో 14 రోజులు కనిపించిన వృశ్చిక నోవా వాయుకవచాన్ని, దాన్ని విసిరిన జంటను 2017లో మైకేల్ షారా బృందం గుర్తించింది. 1930, 40లనాటి హార్వర్డ్ ఛాయాచిత్రాలలో అదే జంట చిన్నపాటి వెలుగులు విసురుతూ కనిపించింది. విస్ఫోటనాల మధ్య ఈ జంటలు రూపం మార్చుకుంటాయన్న వాదనకు ఇది బలమైన ఆధారం. అయితే ప్రతి పేలుడులో శ్వేతకుబ్జం తాను సంపాదించినదంతా పోగొట్టుకుంటుందా, కొంత మిగుల్చుకుంటుందా అన్న చర్చ ముగియలేదు. మిగుల్చుకునేవి కొన్నైనా ఉంటే, అవి చంద్రశేఖర్ లెక్కగట్టిన 1.4 సౌర ద్రవ్యరాశుల హద్దును సమీపించి సూపర్‌నోవాలు కాగలవు.