పాత గోడపలకల మార్పిడి: గోడ పరీక్ష, పలకల ఎంపిక, బిగింపు

నాందేడ్ జిల్లాలో తెలుగు వినిపించే ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ తాలూకాల పల్లెల్లో రాతి గోడల, మట్టి గోడల ఇళ్లు ఇప్పటికీ కలవు. పెచ్చులూడిన గోడ కనబడకుండా వెనుకటి రోజుల్లో చెక్కపలకలు, తరువాత ప్లైవుడ్, ఇటీవల పీవీసీ పలకలు బిగించుకోవడం అలవాటైంది. పాత పలకలు తీసి కొత్తవి వేసుకోవడం ఇంటివారే చేసుకోగల పని. అయితే పలక గోడను దాచుతుందే గాని బాగుచేయదు. కావున పాత పలక ఊడదీసిన రోజే గోడను పరీక్షించాలి.

గోడ పరీక్ష ఎందుకు?

1993 సెప్టెంబరు 30న లాతూర్ జిల్లా కిల్లారి ప్రాంతంలో వచ్చిన భూకంపంలో వేలాదిమంది మరణించారు. మట్టితో పేర్చిన మందపాటి రాతి గోడలు, వాటిపై బరువైన మట్టి కప్పులు కూలడమే ఇందుకు ముఖ్య కారణం. అటువంటి గోడకు లోపలి వరుస, బయటి వరుస అని రెండు పొరలుంటాయి. రెండింటినీ కలిపే అడ్డురాళ్లు లేకపోతే పొరలు విడిపోయి గోడ ఉబ్బుతుంది. 2024 మార్చి 21న హింగోలి జిల్లాలో 4.5 తీవ్రతతో వచ్చిన భూకంపం నాందేడ్ వాసులకూ తెలిసింది. ఉబ్బిన గోడను పలకతో కప్పివేస్తే ప్రమాద సూచన మన కంటికి కనబడదు.

నాలుగు పరీక్షలు

1. ఉబ్బు: పైనుండి గుండు దారం వేలాడదీసి, గోడ మధ్యభాగం ముందుకు వచ్చిందేమో చూడాలి.

2. పగులు: నల్లరేగడి నేల వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకొంటుంది. అందుచేత గోడలు పగులుతాయి. పగులు రెండు కొనల వద్ద పెన్సిలుతో గీత గీసి తేదీ వ్రాయాలి. తరువాతి నెలల్లో పగులు గీత దాటితే అది పెరుగుతున్నదని అర్థం.

3. చెమ్మ: మూర పొడవు, మూర వెడల్పు గల ప్లాస్టిక్ కాగితాన్ని గోడకు నాలుగువైపులా అంటించి రెండు రోజులుంచాలి. కాగితం వెనుక నీటి బిందువులుంటే చెమ్మ గోడలోనిదే.

4. చెదలు, కుళ్లు: కప్పును మోసే చెక్క స్తంభాల అడుగుభాగాన్ని స్క్రూడ్రైవరుతో గుచ్చాలి. సులభంగా దిగితే స్తంభం పాడైనట్లే.

ఉబ్బు, పెరిగే పగులు, పాడైన స్తంభం – వీటిలో ఏది కనిపించినా పని ఆపి అనుభవజ్ఞుడైన మేస్త్రీని గాని, ఇంజనీరును గాని పిలవాలి. చెమ్మ ఉంటే ముందు అది వచ్చే దారిని మూయాలి. మట్టి గోడకు సిమెంటు గిలాబు చేస్తే లోని తేమ బయటికి పోలేక గిలాబు ఊడుతుంది. గడ్డి కలిపిన మట్టి పూత గాని, సున్నపు పూత గాని మేలు.

పాతవి తీయునప్పుడు

ముందుగా కరెంటు మెయిన్ ఆపాలి. పాత రంగుల్లో సీసం ఉండవచ్చును. ఇంటి రంగుల్లో సీసాన్ని 90 పీపీఎంకు పరిమితం చేసే నిబంధన 2017 నవంబరులోనే అమలులోకి వచ్చింది. కావున పాత చెక్కను పొడిగా గీకరాదు, తడిపి గీకాలి. పాత ఆస్బెస్టాస్ సిమెంటు రేకులుంటే పగలగొట్టక, తడిపి, ముక్కలు కాకుండా దించాలి. పిల్లలను దూరంగా ఉంచాలి.

ఏ పలక ఎక్కడ?

పీవీసీకి చెదలు పట్టవు, నీటికి చెడదు. కాని మంటకు విషవాయువు వెలువరిస్తుంది. పొయ్యి గోడకు, దేవుని దీపం చెంతకు వద్దు. ప్లైవుడ్ వేయదలిస్తే ఐఎస్ 710 ముద్ర గలది తీసుకోవాలి. దానికీ చెమ్మ గోడ పనికిరాదు. పాత టేకు పలకలు గట్టిగా ఉంటే పారవేయక, శుభ్రపరచి నూనె పట్టించి మళ్లీ వాడుకోవచ్చును.

లెక్క

పీవీసీ పలక సాధారణంగా 10 అంగుళాల వెడల్పు, 10 అడుగుల పొడవు ఉంటుంది. 12 అడుగుల గోడ అంటే 144 అంగుళాలు. 10తో భాగిస్తే 14.4, అంటే 15 పలకలు. కోతల కోసం ఒకటి అదనంగా తీసుకొంటే 16.

బిగింపు

వేసవిలో, గోడ ఎండిన పిమ్మట పని మొదలుపెట్టాలి. రీపర్లను అడ్డంగా, ఒకటిన్నర నుండి రెండడుగుల ఎడంతో రసమట్టం చూసి బిగించాలి. మట్టి గోడలో స్క్రూ నిలవదు. నేలనుండి పైదూలం వరకు నిలువు కర్రలు నిలిపి, రీపర్లను వాటికే బిగించాలి. మొదటి పలకను గుండు దారంతో సరిచూడాలి. అది వంకరైతే అన్నీ వంకరే. ఒక్కొక్క పలక అంచును ముందుదాని గాడిలో కూర్చుతూ పోవాలి. పీవీసీ ఎండకు వ్యాకోచిస్తుంది గనుక పైన, క్రింద కొద్ది ఖాళీ వదలాలి.

అన్నిటికంటె ముఖ్యమైనది: స్తంభాల వద్ద అడుగున ఒక అడుగు మేర విప్పదగిన ముక్కగా ఉంచాలి. ఏటా వానాకాలం వెళ్లగానే దానిని విప్పి చెమ్మను, చెదలను చూసుకోవాలి.

మరాఠీ దుకాణాల్లో, పనివారి వద్ద మాట తెలియక ఇబ్బంది పడకుండా: చెమ్మ – ఓల్, చెదలు – వాళవీ, గిలాబు – గిలావా, మేస్త్రీ – గవండీ, వడ్రంగి – సుతార్.