గేటు ముందు నాలుగు భాషలు

1927 సెప్టెంబరు. బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో తెల్లవారకముందే మలంచా వైపు నుంచి రైల్వే వర్క్‌షాప్‌కి పోయే దారిలో నడుస్తున్నారు మీరు. రాత్రి పడ్డ వానకు ఎర్రమట్టి కాళ్లకు అంటుకుంటోంది. ముందు నడిచే వాళ్ల మాటలు చెవిన పడుతుంటే బొబ్బిలి సంతలోనో, చీపురుపల్లి స్టేషన్లోనో ఉన్నట్టే ఉంది.

"ఏటి మావా, మీ షాపులో ఎంతమందిని తీసేత్తారంట?"

"ఏటో, తెల్దురా. పేర్లు గేటుకాడ అంటించేరట."

వీళ్లంతా విశాఖపట్నం, గంజాం జిల్లాల వాళ్లు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే లైను తమ ఊళ్ల పక్కగా వాల్తేరు దాకా పడింది. వానల్లేక, భూమి చాలక ఇబ్బంది పడ్డ ఇళ్ల నుంచి ఆ బండే ఎక్కి, ముందు ఒకరు, వెనక బామ్మర్ది, ఆ వెనక పక్కింటి కుర్రాడు, ఖరగ్‌పూర్ చేరారు. బాయిలర్ షాపులో, ఫౌండ్రీలో, యార్డులో పని. చోడి అంబలి తాగి పొద్దున్నే బయల్దేరడం, ఇంటికి మనియార్డరు కట్టడం, పండక్కి పాసు కోసం ఎదురుచూడడం. ఇదీ వాళ్ల బతుకు.

గేటు దగ్గరికొచ్చారు. టైమాఫీసు కిటికీ పక్కన చెక్క పలక, దానికి వరసగా మేకులు, ఒక్కో మేకుకీ ఒక్కో ఇత్తడి బిల్ల. బిల్ల మీద మనిషి పేరుండదు, నంబరు ఉంటుంది. పొద్దున దాన్ని తీసుకుంటే ఆ రోజు కూలి ఉన్నట్టు. ఇవాళ ఆ పలక దాకా పోనివ్వడం లేదు. వర్క్‌షాపులో పని తగ్గింది కాబట్టి వందలాది మందిని తీసేస్తామని కంపెనీ ప్రకటించింది. కార్మికులు ఒప్పుకోలేదు. గేట్లకు తాళాలు పడ్డాయి. ఆ తాళాలు డిసెంబరు దాకా తియ్యరు. ఈ ఏడు దసరాకు పిల్లలకు కొత్త బట్టల్లేవు.

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ బోర్డు కూర్చునేది లండన్లో. అక్కడ 1924 నవంబరు నుంచి స్టాన్లీ బాల్డ్విన్ నడిపే కన్సర్వేటివ్ ప్రభుత్వం ఉంది. నిరుటి మే నెలలో ఆ ఊరెలా ఉందో చూస్తే ఈ తాళాల సంగతి ఇంకా బాగా అర్థమవుతుంది.

1926 మే మొదటి వారం. లండన్లో రైళ్లు ఆగిపోయాయి. అంతకు ముందటేడు ఆర్థికమంత్రి విన్‌స్టన్ చర్చిల్ పౌండును మళ్లీ బంగారానికి, యుద్ధానికి ముందున్న ధరకే ముడిపెట్టాడు. దాంతో బ్రిటన్ బొగ్గు పైదేశాల్లో ప్రియమైపోయింది. ఆ నష్టాన్ని గని యజమానులు కూలీల మీదికి నెట్టారు. కూలి తగ్గిస్తాం, పని గంటలు పెంచుతాం అన్నారు. ఒప్పుకోని గని కార్మికులకు గనులు మూసేశారు. వాళ్ల కోసం మే 3 అర్ధరాత్రి నుంచి రైల్వే, ప్రెస్సు, రేవు కార్మికులు పని ఆపారు. పదిహేను లక్షల మందికి పైగా.

వీధిలోకి రండి. బస్సు నడుపుతున్నది ఒక యూనివర్సిటీ కుర్రాడు. ఇంజను మూత చుట్టూ ముళ్లతీగ, పక్కన పోలీసు. హైడ్ పార్కులో పాల డిపో పెట్టారు. ప్రభుత్వం తరఫున చర్చిల్ ఒక పేపరు తెస్తున్నాడు, యూనియన్లు ఇంకో పేపరు తెస్తున్నాయి. ఒకే ఊళ్లో జనం ఒకరి వార్త ఒకరు నమ్మని స్థితి. తొమ్మిది రోజులకు యూనియన్ల పెద్దలు సమ్మె విరమించారు. గని కార్మికులు మాత్రం చలికాలం దాకా ఒంటరిగా నిలబడి, ఆకలికి తాళలేక తక్కువ కూలికే గనుల్లోకి దిగారు. 1927లో ప్రభుత్వం చట్టం చేసింది: ప్రభుత్వం మీద ఒత్తిడి తెచ్చే సానుభూతి సమ్మెలు చట్టవిరుద్ధం.

ఇప్పుడు ఖరగ్‌పూర్‌కి తిరిగి రండి. లండన్లో సమ్మె చేసిన ఇంజను డ్రైవరు తెల్లవాడు. ఇక్కడ తెల్ల డ్రైవరు ఉండేది తోట ఉన్న క్వార్టర్లో. జీతం వేరు, క్లబ్బు వేరు. ఆగ్జిలరీ ఫోర్సు అనే సహాయక సైనిక దళంలో చేరి తుపాకీ పట్టేదీ అలాంటివాళ్లే. ఈ ఫిబ్రవరిలో జరిగిన సమ్మెలో స్టేషన్ దగ్గర కాల్పులు జరిగాయి. ఆ గాయాలింకా పచ్చిగానే ఉన్నాయి. అక్కడ మనుషుల్ని విడదీసింది డబ్బు. ఇక్కడ అదే పని రంగు చేసింది.

గేట్లు మూసి ఉండగానే, నవంబరులో, బాల్డ్విన్ ప్రభుత్వం సైమన్ కమిషన్ని ప్రకటించింది. ఆ తర్వాత ఇండియాకు వచ్చిన ఏడుగురిలో జార్జ్ లేన్-ఫాక్స్ ఒకరు. 1926 సమ్మె నాటికి ఆయన గనుల శాఖ చూసే మంత్రి. ఇంకొకరు వెర్నన్ హార్ట్‌షోర్న్, వేల్స్ గని కార్మికుల నాయకుడు. సొంత దేశంలో ఎదురెదురు పక్షాల్లో ఉన్నవాళ్లు మన భవిష్యత్తు తేల్చడానికి ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. ఆ బల్ల దగ్గర భారతీయుడికి ఒక్క కుర్చీ కూడా వెయ్యలేదు. ఎంత పెద్ద అన్యాయమో చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

సాయంత్రం మైదానానికి వెళ్లండి. తెలుగు, బెంగాలీ, హిందుస్తానీ, ఒడియా అన్నీ కలిసి వినిపిస్తున్నాయి. ఒకరు చెప్పింది పక్కవాడు తన భాషలోకి మార్చి వెనక్కి అందిస్తున్నాడు. జనం నోట ఉన్న పేరు వి.వి.గిరి. బరంపురంలో పుట్టిన తెలుగాయన, డబ్లిన్లో న్యాయశాస్త్రం చదివినాయన, బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మికుల్ని సంఘంగా కూర్చినాయన. స్వతంత్రం వచ్చాక ఆయన కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. 1954లో బ్యాంకు ఉద్యోగుల విషయంలో ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చినందుకు ఆ పదవి వదిలేశారు. 1969లో రాష్ట్రపతి అయ్యారు. గేటు ముందు నేర్చిన పాఠాన్ని పదవిలో కూర్చున్నాకా మరవలేదు.

బ్రిటన్లో కూడా జనం ఊరుకోలేదు. 1929 మే ఎన్నికల్లో లేబర్ పార్టీకి 287 సీట్లొచ్చాయి, కన్సర్వేటివ్‌లు 260 దగ్గర ఆగిపోయారు.

ఆనాడు గేటు ముందు నిలబడ్డవాళ్ల మునిమనవలు ఇవాళ మలంచాలో, నింపురాలో ఉన్నారు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష గుర్తింపు ఇవ్వాలని నిర్ణయించింది. ఆనందించాల్సిన సంగతే. అయితే ఎన్నికలొస్తే చాలు, ఇక్కడ తెలుగు ఓట్లెన్ని, బెంగాలీ ఓట్లెన్ని, హిందీ ఓట్లెన్ని అని లెక్కలు మొదలవుతాయి. మన ముత్తాతలు ఆ లెక్కకు లొంగలేదు. పక్కవాడి భాష రాకపోయినా అతని కూలి కోసం తమ కూలి వదులుకున్నారు. మలంచా పిల్లలకు తెలుగు అక్షరాలతో పాటు ఈ కథ కూడా నేర్పాలి. ఓటడగడానికి ఇంటికొచ్చిన ప్రతి నాయకుణ్ణీ, ఏ పార్టీ అయినా సరే, ఒక్కటే అడగాలి: ఎవరి పని పోతోంది, నువ్వు వాళ్ల పక్కన నిలబడ్డావా?