యూజర్‌నేమ్ టోకెన్

యూజర్‌నేమ్ టోకెన్ అనునది వెబ్ సర్వీసును పిలిచే ప్రోగ్రాము తానెవరో తెలుపుకొనుటకు సోప్ సందేశపు హెడరులో పంపు భాగము. ఒయాసిస్ సంస్థ దీని 1.0 కూర్పును 2004లోను, 1.1 కూర్పును 2006లోను ప్రమాణముగా ఆమోదించినది. జావాలో దీని అమలుకు అపాచీ వారి డబ్ల్యుఎస్‌ఎస్‌4జె లైబ్రరీ ప్రసిద్ధము.

పనిచేయు విధానము

సంకేతపదమును ఉన్నది ఉన్నట్లుగా పంపవచ్చును. అప్పుడు హెచ్‌టీటీపీఎస్ రక్షణ లేకున్నచో దారిలో ఎవరైనను చదువగలరు. రెండవ పద్ధతి డైజెస్ట్. నాన్స్ అనబడే ఒక్కసారి వాడు యాదృచ్ఛిక విలువ, సందేశము తయారైన సమయము, సంకేతపదము - ఈ మూడింటిని ఇదే వరుసలో కలిపి, ఎస్‌హెచ్‌ఏ-1 హాష్ తీసి, బేస్64లో వ్రాసి పంపుదురు. సర్వరు అదే లెక్కను తానును చేసి సరిపోల్చుకొనును.

ధ్రువీకరణ విఫలమైనప్పుడు

తప్పు ఎక్కడ ఉన్నను సర్వరు సాధారణముగా ఒకే వాక్యముతో తిరస్కరించును. చొరబాటుదారునికి ఆచూకీ దొరకరాదని ఇట్లు చేసినారు. కావున కారణమును సర్వరు లాగ్‌లో వెదకవలెను. సంకేతపదము సరిగానే ఉండి, తప్పు మరియొకచోట ఉండుట తరచుగా జరుగును.

భారతదేశములో మొదట చూడవలసినది గడియారము. తిరుపతి జిల్లా సత్యవేడులో ఉదయము 10:00 అయినప్పుడు యూటీసీ ప్రకారము 04:30 మాత్రమే. జావాలోని సింపుల్‌డేట్‌ఫార్మాట్ తరగతికి కాలమండలము చెప్పకున్నచో అది యంత్రపు స్థానిక సమయమునే వ్రాయును. ఆ 10:00 చివర యూటీసీని సూచించు 'జెడ్' అక్షరమును చేర్చినచో, సందేశము ఇంకను ఐదున్నర గంటలకు పుట్టబోవునట్లు సర్వరుకు తోచును. డబ్ల్యుఎస్‌ఎస్‌4జె మామూలు అమరికలో 300 సెకన్ల ఆలస్యమును, 60 సెకన్ల ముందును మాత్రమే అంగీకరించును. ఈ గడువును గంటలకు పెంచి గట్టెక్కువారు కలరు. అది మందు కాదు. సర్వరు పాత నాన్స్‌లను అంతసేపు గుర్తుంచుకొననిచో, పట్టుకొన్న సందేశమునే తిరిగి పంపి లోనికి వచ్చుటకు అంత వ్యవధి దొరకును.

డైజెస్ట్ లెక్కలో నాన్స్‌ను బేస్64 నుండి విప్పి, మూల బైట్లనే వాడవలెను; అక్షరములను అట్లే వాడినచో ఫలితము కలవదు. పైగా ఈ లెక్కకు సర్వరువద్ద అసలు సంకేతపదము ఉండవలెను. డేటాబేసులో సంకేతపదములను హాష్‌గా మాత్రమే దాచినచోట, అది మంచి అలవాటే అయినను, డైజెస్ట్ సాధారణముగా కుదరదు. అట్టిచోట హెచ్‌టీటీపీఎస్‌పై మొదటి పద్ధతియే మేలు.

లైబ్రరీ కూర్పు మార్పు

2011లో వచ్చిన 1.6 కూర్పుకు పూర్వము, ఉన్నది ఉన్నట్లుగా వచ్చిన సంకేతపదమును కాల్‌బ్యాక్ తరగతియే పోల్చవలసియుండెను. 1.6 నుండి ఆ తరగతి అసలు సంకేతపదమును అందించును, పోలిక లైబ్రరీ చేయును. పాత కోడును మార్చక లైబ్రరీని మాత్రము మార్చినచో, నిన్నటివరకు నడచిన లాగిన్ నిలిచిపోవును. సంకేతపదములను హాష్‌గా దాచినవారు ఈ కూర్పులో తమ స్వంత వాలిడేటరు తరగతిని వ్రాసుకొనవలెను.