రిమార్క్ మార్గదర్శకాలు

రిమార్క్ మార్గదర్శకాలు కేన్సరు జీవసూచికలపై జరిగే పరిశోధనలను ఏ విధంగా నివేదించాలో తెలిపే నియమావళి. కంతిలో గాని, రక్తంలో గాని కనబడే ఒక ప్రోటీనును లేదా జన్యుమార్పును బట్టి వ్యాధి ఎటు పరిణమించునో ముందుగా అంచనా వేయజూసే అధ్యయనాలకు ఇది వర్తిస్తుంది. 20 అంశాలు గల ఈ పట్టిక 2005లో పలు వైద్య పత్రికలలో వెలువడినది.

నేపథ్యం

రొమ్ము కేన్సరు చికిత్సను నిర్ణయించడంలో ఈస్ట్రోజెన్ గ్రాహకం, హెర్-2 వంటి సూచికలు నేడు తప్పనిసరి. అయితే వ్యాసాలలో ప్రకటితమైన అసంఖ్యాక సూచికలలో వైద్యుని చేతికి అందినవి బహు స్వల్పం. ఒకరు ఉపయోగకరమన్న దానిని మరొకరు నిరర్థకమని తేల్చడం పరిపాటి. 2000లో డెన్మార్కులోని నైబోర్గ్‌లో అమెరికా జాతీయ కేన్సరు సంస్థ, ఐరోపా కేన్సరు పరిశోధన సంస్థ కలసి జరిపిన సమావేశం ఈ నియమావళికి నాంది. రూపకర్తలలో గణాంకవేత్తలు లీసా మెక్‌షేన్, డగ్లస్ ఆల్ట్‌మన్ ముఖ్యులు.

లోపాల స్వరూపం

సూచిక విలువ ఎంత దాటితే "అధికం" అనాలన్నది కీలకమైన ప్రశ్న. ఫలితాలు చూచిన పిమ్మట తమకు అనుకూలమైన చోట గీత గీయడం, విద్యార్థుల మార్కులు చూచి ఉత్తీర్ణతా రేఖను నిర్ణయించడం వంటిది. ఇట్లు చేసినచో 5 శాతం ఉండవలసిన పొరపాటు అవకాశం 40 శాతం వరకు పెరుగగలదని ఆల్ట్‌మన్ బృందం 1994లో చూపినది. అందుచేత ఆ హద్దును ఎట్లు ఎంచుకున్నారో వ్యాసంలో చెప్పాలని రిమార్క్ కోరుతుంది. నమూనాలను భద్రపరచిన తీరు, పరీక్షా విధానం, మొత్తం రోగులలో ఎందరు ఏ దశలో ఎందుకు మినహాయింపబడిరో కూడ తెలుపవలెను.

అనుకూల ఫలితాలనే ప్రచురించడం మరొక లోపం. తల, మెడ కేన్సరులలో పి53 ప్రోటీనుకు, మరణానికి గల సంబంధం ప్రచురిత వ్యాసాలలో బలంగా కనిపించినది. పరిశోధకుల వద్ద మిగిలిపోయిన వివరాలను కూడ సేకరించి కలుపగా ఆ సంబంధం గణాంకపరంగా నిలువలేదని 2005 నాటి ఒక విశ్లేషణ తెలిపినది.

అమలు

2012లో సోదాహరణ వివరణ గ్రంథం వెలువడినది. చేసిన విశ్లేషణలన్నిటిని, ఫలించనివి సహితం, ఒకే పట్టికలో చూపే పద్ధతిని అందులో సూచించారు. రిమార్క్ నివేదన విధానాన్ని చెప్పునే గాని పరిశోధన నాణ్యతకు హామీ కాదు. నియమావళికి పూర్వపు, తదనంతర వ్యాసాలను పోల్చిన 2017 నాటి అధ్యయనంలో మెరుగుదల స్వల్పమేనని తేలినది.