బాల్య ఉబ్బసం, వైరల్ ఇన్ఫెక్షన్లు

పిల్లల్లో ఉబ్బసం మొదలవడానికీ, ఉన్న ఉబ్బసం తిరగబెట్టడానికీ శ్వాసకోశ వైరస్‌లతో దగ్గరి సంబంధం ఉంది. వీటిలో ముఖ్యమైనవి రైనోవైరస్, ఆర్‌ఎస్‌వి (రెస్పిరేటరీ సిన్సీషియల్ వైరస్). చంటిపిల్లల శ్వాసనాళికలు సన్నవి. వైరస్ సోకి లోపొర వాచి, కఫం పేరుకుంటే ఊపిరి వదిలేటప్పుడు పిల్లికూతలు వినిపిస్తాయి, డొక్కలు ఎగరేస్తారు. ఇలా ఆయాసపడిన పిల్లలందరికీ ఉబ్బసం రాదు. ఎవరికి వస్తుందో తేల్చే ప్రయత్నమే ఈ రంగంలో పరిశోధనల చరిత్రంతా.

1956లో అమెరికాలో ప్రయోగశాల చింపాంజీల్లో ఆర్‌ఎస్‌వి బయటపడింది. మరుసటి ఏడాది రాబర్ట్ చానక్ బృందం బాల్టిమోర్‌లో జబ్బుపడిన శిశువుల్లో దాన్ని గుర్తించింది. రైనోవైరస్ జాడ కూడా ఆ రోజుల్లోనే దొరికింది. ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్‌లో 9–11 ఏళ్ల పిల్లలపై చేసి 1995లో ప్రచురించిన అధ్యయనంలో, ఉబ్బసం తిరగబెట్టిన సందర్భాల్లో సుమారు 80 శాతంలో వైరస్ కనిపించింది. ఎక్కువగా కనిపించింది రైనోవైరసే.

అమెరికాలోని అరిజోనా రాష్ట్రం టూసాన్‌లో 1980 నుంచి పిల్లలను పుట్టుక మొదలు గమనిస్తూ వచ్చారు. పసితనంలో ఆర్‌ఎస్‌వి సోకినవారికి పిల్లికూతల ముప్పు ఎక్కువేగానీ, 13 ఏళ్లకల్లా అది దాదాపు సమసిపోతుందని 1999లో తేల్చారు. ఎలర్జీ, ఉబ్బసం ఉన్న కుటుంబాల పిల్లలపై అదే దేశంలోని విస్కాన్సిన్‌లో జరిగిన అధ్యయనం 2008లో మరో సంగతి చెప్పింది: మూడేళ్లలోపు రైనోవైరస్‌తో పిల్లికూతలు వచ్చినవారికి ఆరేళ్లప్పుడు ఉబ్బసం ఉండే అవకాశం దాదాపు పది రెట్లు. ఇలాంటి పిల్లల్లో వైరస్ పిల్లికూతల కంటే ఎలర్జీయే ముందు వస్తున్నట్టు తర్వాత తెలిసింది. నెదర్లాండ్స్‌లో నెలలు నిండకుండా పుట్టిన శిశువులకు ఆర్‌ఎస్‌వి నిరోధక మందు ఇస్తే మొదటి ఏడాది పిల్లికూతలు తగ్గాయి. ఆరేళ్లకు ఊపిరితిత్తుల పనితీరులో మాత్రం తేడా లేదు. అంటే వైరస్ ఒక్కటే కారణం కాదు. వంశపారంపర్యం, ఎలర్జీ, గాలిలోని పొగ, దుమ్ము తోడవుతాయి.

గాలి ప్రభావం మన దగ్గరా కనిపిస్తుంది. తెలంగాణలోని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వరి పండే ప్రాంతాలు. మిర్యాలగూడ రైస్ మిల్లులకు పేరుపొందింది. వానాకాలం పంట కోతలు ముగిసి చలి మొదలయ్యేసరికి జలుబులు పెరుగుతాయి. అప్పుడే వరి కొయ్యలు కాల్చిన పొగ, ఊక దుమ్ము కలిస్తే ఉబ్బసం ఉన్న పిల్లలకు ఆయాసం ముదురుతుంది. ఇక చికిత్స సంగతి. మృగశిర కార్తెకు హైదరాబాద్‌లో బత్తిని కుటుంబం కొరమీను పిల్లతో ఇచ్చే చేప మందుకు తెలుగునాట ఆదరణ ఉన్నా, అది పనిచేస్తుందనడానికి శాస్త్రీయ ఆధారం లేదు. వైరస్‌పై యాంటీబయాటిక్స్ పనిచేయవు. ఉబ్బసం నిర్ధారణ అయిన పిల్లలకు డాక్టర్ చెప్పిన ఇన్‌హేలర్‌ను స్పేసర్ (ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం)తో క్రమం తప్పకుండా వాడడమే ప్రధాన చికిత్స.