హదియా నుంచి ఇంటర్ దావత్ దాకా

ఇంటర్ నతీజాలు వచ్చిన సాయంత్రం మన ఇళ్లల్లో ఇప్పుడు ఒక కొత్త రివాజ్ కనిపిస్తోంది. గణపవరం, నిడమర్రు, ఆకివీడు, తాడేపల్లిగూడెం, ఎక్కడ చూసినా అంతే. రెండో సంవత్సరం పాసైన బచ్చా ఫోటోతో వాట్సాప్ స్టేటస్, ఒక కేకు, వీలైతే బిర్యానీ దేగ్, నలుగురు చుట్టాలు. కొందరు బుజుర్గులకు ఇది నచ్చదు. "ఇదంతా ఫిరంగీల నఖల్, మన జమానాలో ఎవరు చేశారు ఇట్లాంటివి?" అంటారు. వాళ్ల మాటను గౌరవిస్తూనే ఒకటి చెప్పాలి. కేకు కొత్తదే. చదువు ఖతమ్ అయిన రోజున వాలిదైన్ దావత్ ఇవ్వడం మాత్రం మన తారీఖ్‌లో చాలా పాత సంగతి.

1832లో లండన్‌లో 'ఖానూనె ఇస్లాం' అనే కితాబు అచ్చయింది. రాసినాయన జాఫర్ షరీఫ్, దక్కన్ మనిషి. ఆయనతో రాయించి ఇంగ్లీషులోకి తర్జుమా చేసినాయన హెర్‌క్లాట్స్, మద్రాసు సర్కారు కొలువులో ఉన్న సర్జన్. దక్షిణాది ముసల్మానుల పుట్టుక నుంచి మరణం దాకా ఉన్న ఆచారాలన్నీ అందులో వరసగా ఉంటాయి. పిల్లల తాలీమ్‌కు సంబంధించి మూడు రస్మ్‌లు చెప్తాడాయన. మొదటిది బిస్మిల్లా. బిడ్డకు నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులు నిండాక అక్షరం మొదలుపెట్టించడం. ఇది మన ఇళ్లల్లో ఇప్పటికీ ఉంది. రెండోది ఈదీ. పండగ ముందు ఉస్తాద్ రంగు కాగితం మీద ఒక కవిత రాసిస్తే పిల్లవాడు ఇంటికి తీసుకెళ్తాడు, వాలిదైన్ దానికి బదులుగా ఉస్తాద్‌కు ఎంతో కొంత పంపుతారు. మూడోది హదియా. ఖురాన్ చదవడం పూర్తయిన రోజు చేసేది.

ఈ హదియానే ఇవాళ్టి దావత్‌కు తాత అనుకోవచ్చు. బిడ్డకు కొత్త బట్టలు తొడిగి, చుట్టాలనూ మహల్లా వాళ్లనూ పిలిచి, అందరి ముందూ చదివించేవాళ్లు. ఆ తర్వాత ఉస్తాద్‌కు తమ హైసియత్ కొద్దీ బట్టలు, నజరానా ఇచ్చేవాళ్లు. దువా, షీరినీ. ఖుషీ బిడ్డదే అయినా ఆ రోజు ఇజ్జత్ ఉస్తాద్‌ది.

ఇంకో సంగతి కూడా గమనించాలి. హదియాతో చదువు అయిపోయేది కాదు. చదివించగల ఇళ్లల్లో ఖురాన్ అయ్యాక ఫార్సీ మొదలయ్యేది. ముందు కరీమా, ఆపైన గులిస్తాన్, బోస్తాన్. అంటే దావత్ రెండు కితాబుల మధ్య వచ్చేది. ఒకటి మూసి, ఇంకొకటి తెరిచే ముందు తిన్న మిఠాయి అది. మదరసాల్లో ఆలిమ్ చదువు పూర్తి చేసినవాళ్లకు దస్తార్‌బందీ కూడా ఇలాంటిదే. తలకు పాగా చుట్టి పంపేది ఇంటికి వెళ్లి కూర్చోమని కాదు, వెళ్లి ఇంకొకరికి చెప్పమని. అమెరికాలో ఉన్న మన చుట్టాల పిల్లలు పన్నెండో గ్రేడ్ అయ్యాక గౌను వేసుకుని టోపీలు గాల్లోకి ఎగరేసిన ఫోటోలు పంపుతారు కదా. అక్కడ కూడా ఆ వేసవి పార్టీ తర్వాత బిడ్డ సామాను సర్దుకుని కాలేజీకి బయలుదేరుతుంది.

మరి మన దగ్గర ఈ గొలుసు ఎక్కడ తెగింది? ఫార్సీ దగ్గర తెగింది. ఈ కోస్తా ప్రాంతం, అప్పటి ఉత్తర సర్కారులు, 1766లో నిజాంతో సుల్హనామా చేసుకుని కంపెనీవాళ్లు తీసుకున్నారు. 1837లో కంపెనీ సర్కారు దఫ్తర్లలో ఫార్సీ బదులు వేరే భాషలు వాడుకునేలా కానూన్ చేసింది. ఫార్సీ చదివితే దొరికే మున్షీగిరీ, వకాలత్ మెల్లమెల్లగా పోయాయి. మన ఇళ్లల్లో బిస్మిల్లా మిగిలింది, హదియా మిగిలింది. హదియా తర్వాత తెరవాల్సిన కితాబు మాత్రం మాయమైంది. ఖురాన్ ఖతమ్ అయిన పిల్లవాడు సీదా కుట్టుమిషను దగ్గరికో, దూది ఏకే విల్లు దగ్గరికో, మాంసం కొట్టుకో వెళ్లాడు. ఆడపిల్ల ఇంటిపనిలోకి వెళ్లింది. ముసల్మానులకు చదువు మీద శౌఖ్ లేదని అనేవాళ్లు ఈ తారీఖ్ ఒకసారి చూడాలి. మొదటి మెట్టు మీద దావత్ ఇచ్చిన కౌమ్‌కు రెండో మెట్టు కనబడకుండా పోయింది.

ఆ రెండో మెట్టు ఇంగ్లీషు చదువు రూపంలో వచ్చింది, కానీ చాలా దూరంలో. మద్రాసు యూనివర్సిటీ 1857లో మొదలైంది. మెట్రిక్యులేషన్, ఆ తర్వాత ఎఫ్.ఏ., దాని స్థానంలో ఇంటర్మీడియెట్. అప్పట్లో ఇంటర్ అంటే స్కూలు చదువు కాదు, యూనివర్సిటీ చదువు. కొల్లేటి ఒడ్డు పిల్లవాడు ఇంటర్ చదవాలంటే రాజమండ్రికో, మచిలీపట్నం నోబుల్ కాలేజీకో వెళ్లి, గది అద్దెకు తీసుకుని ఉండాలి. 1926లో ఆంధ్రా యూనివర్సిటీ వచ్చింది. 1945లో ఏలూరులో సర్ సి.ఆర్. రెడ్డి కాలేజీ, అదే ఏడాది భీమవరంలో కాలేజీ మొదలయ్యాయి. కాస్త దగ్గరయింది, అయినా మన ఇళ్లకు దూరమే. బస్సు చార్జీ, ఫీజు ఒక ఎత్తు. ఆడపిల్లను రోజూ పక్క పట్నానికి పంపడం ఇంకో ఎత్తు.

మధ్యలో లెక్కలు కూడా మారాయి. రెండేళ్ల ఇంటర్ పోయి, పదకొండేళ్ల ఎస్సెసెల్సీ మీద ఒక్క ఏడాది పీయూసీ వచ్చింది. 1964-66లో కొఠారీ కమిషన్ దేశమంతా ఒకే తరహా చదువు ఉండాలని చెప్పింది. పదేళ్ల స్కూలు, రెండేళ్ల ఇంటర్, మూడేళ్ల డిగ్రీ అన్న పద్ధతిని మన ఆంధ్రప్రదేశ్ 1969-70 నుంచే మొదలుపెట్టింది. 1971లో ఇంటర్మీడియెట్ బోర్డు కోసం చట్టం చేసింది. చదవడానికి ఇది పొడి దఫ్తర్ ముచ్చటలా ఉంటుంది. అసలు అసర్ ఊళ్ల మీద పడింది. ఇంటర్ యూనివర్సిటీ చేతిలోంచి బయటికి వచ్చి జూనియర్ కాలేజీ చదువైంది. పట్నం దాటి మండల కేంద్రాల దాకా వచ్చింది.

గణపవరం ప్రాంతానికి ఇంకో నసీబ్ కూడా ఉంది. చింతలపాటి వరప్రసాద మూర్తిరాజు గారు. గాంధీ మార్గంలో నడిచిన జమీందారీ ఖాందాన్ మనిషి. తన భూములూ ఆస్తీ ధారపోసి ఈ డెల్టా పల్లెల్లో బళ్లూ కాలేజీలూ పెట్టించారు. ఇవాళ గణపవరంలో ఉన్న ప్రభుత్వ డిగ్రీ కాలేజీ ఆయన పేరు మీదే ఉంది. ఆయన ఇచ్చిన నేల మీద ఏ మజహబ్ బిడ్డ చదువుకుందో ఎవరూ లెక్క కట్టలేదు. మన భాషలో దాన్ని సదఖా-ఎ-జారియా అంటాం. మనిషి పోయినా ఆగకుండా పారే పుణ్యం.

ఊళ్లో కాలేజీ ఉండడం అంటే ఏమిటో మా ఇంట్లోనే చూశాను. 1994లో మా ఆపా ఇంటర్ పాసైంది. నేను అప్పుడు ఏలూరులో నానీ దగ్గర ఉండి ఉర్దూ మీడియంలో చదువుతూ, ఎండాకాలం సెలవులకు ఇంటికి వచ్చి ఉన్నాను. అబ్బా దర్జీ పని చేసేవారు. నతీజాలు పేపర్లో చిన్న చిన్న అంకెల్లో పడేవి. ఫజర్ నమాజ్ నుంచి సీదా టీ హోటలుకు వెళ్లి, పేపరు మీద వేలు పెట్టి ఆపా నంబరు వెతికారు. ఇంటికి వచ్చి "నంబరు ఉంది బేటీ" అని అంతే అన్నారు. అమ్మీ మీఠా ఖానా చేసింది. మొదటి తష్తరీ ఆపాకు ఖురాన్ చెప్పిన ఉస్తానీ ఇంటికి వెళ్లింది. లెక్కల మేష్టారికి అబ్బా ఒక చొక్కా కుట్టి, అరటిపళ్లతో పాటు నా చేత పంపారు. హదియా అన్న మాట ఆ రోజు ఎవరూ అనలేదు. చేసింది మాత్రం అదే.

ఆ దావత్‌లోనే చాచా ఒక రిష్తా మాట ఎత్తారు. "భాయీజాన్, లడ్కా మంచివాడు. ఆడపిల్లకు ఇంటర్ చాలదా? ఇంకా ఎంత చదివిస్తారు?" అన్నారు. అబ్బా కాసేపు ఊరుకుని, "కాలేజీ ఊళ్లోనే ఉంది కదా. బస్సు ఖర్చు లేదు, దూరం వెళ్లే ఫికర్ లేదు. ఏం చెప్పి మాన్పించమంటావు?" అన్నారు. చాచా దగ్గర జవాబు లేదు. ఆపా డిగ్రీ చేసింది, తర్వాత టీచరైంది. అబ్బా పెద్దగా చదువుకున్న మనిషి కాదు, ఇంక్విలాబీ అంతకన్నా కాదు. ఆ కాలేజీ తాడేపల్లిగూడెంలో ఉండి ఉంటే ఆయన జవాబు వేరేగా ఉండేదేమో. తారీఖ్ అంటే చాలాసార్లు ఇంతే. కాలేజీ ఎంత దూరంలో ఉంది అన్నదే ఒక ఇంటి ఫైస్లా అవుతుంది.

ఇప్పుడు హాలాత్ మారాయి. పేపరు మీద వేలు పెట్టి వెతికే పని లేదు, 2025లో నతీజాలు వాట్సాప్‌కే వచ్చాయి. 2006లో సచార్ కమిటీ రిపోర్టు మన వెనకబాటును అంకెల్లో పెట్టింది. 2007లో మన రాష్ట్రంలో వెనకబడిన ముస్లిం తబఖాలకు బీసీ-ఈ కింద 4 శాతం రిజర్వేషన్ చట్టం వచ్చింది. దూదేకుల సోదరులు అంతకు ముందు నుంచే బీసీ-బీలో ఉన్నారు. ఇంటర్ తర్వాత సీటు అడిగే హక్ ఆ కాగితంతో వస్తుంది. అయినా ఇంటర్ దావత్ అయిన కొన్ని ఇళ్లల్లో ఆ సర్టిఫికెట్ కోసం దరఖాస్తే పెట్టరు. అబ్బాయిని చేపల చెరువు పనికో, గల్ఫ్ వీసాకో పంపే మాట నడుస్తుంది. అమ్మాయికి రిష్తాలు మొదలవుతాయి. ఇంటర్ అయ్యేసరికి చాలామంది ఆడపిల్లలకు పదిహేడేళ్లే. 2006 నాటి చట్టం ప్రకారం పద్దెనిమిది నిండకుండా షాదీ చేయకూడదు. అంటే ఆ ఇంటి దావత్ చదువుకు రుఖ్సతీ అవుతోంది.

గరీబీ వల్ల ఆగిపోయే ఇళ్లను నేను తప్పు పట్టను. పని చేయక గడవని ఇల్లు ఎలా ఉంటుందో నాకు తెలుసు. కానీ వెయ్యి మందికి బిర్యానీ పెట్టే తాకత్ ఉన్నవాళ్లు కూడా అక్కడే ఆపేస్తే, అది రివాజ్‌ను సగమే పాటించడం.

కాబట్టి దావత్ మానమని ఎవరికీ చెప్పను. ఖుషీగా చేయండి, కేకు కూడా కోయండి. పిలుపుల లిస్టులో ముందు ఉస్తాద్‌ల పేర్లు రాయండి. అలిఫ్ బే నేర్పిన హాఫిజ్ సాబ్, అ ఆలు దిద్దించిన పంతులుగారు, కాలేజీ లెక్చరర్లు. వాళ్లకు మీ హైసియత్ కొద్దీ ఏదైనా చేతికివ్వండి, అది మన పెద్దల హదియా. తర్వాత చుట్టాలందరి ముందూ బిడ్డను అడగండి, "బేటా, ఇక ఏం చదువుతావు?" అని. అందరి ముందూ చెప్పిన మాటకు ఖాందాన్ అంతా గవాహీ అవుతుంది. రేపు ఎవరైనా "ఇంక చాల్లే" అంటే ఆ గవాహీ పనికొస్తుంది.

అల్లాహ్ మన ఔలాద్ ఇల్మ్‌లో బర్కత్ ఇవ్వాలి, ఒక కితాబు మూసిన ప్రతి ఇంట్లో ఇంకో కితాబు తెరిపించాలి. ఆమీన్.